ఓడెక్కేదాకా ఓడని సీతాలు

“రంపమా! జెట్టీ మీద రంపమేటి దీదీ? కర్రలు కోసీ మిల్లు ఆ ఎనకుంది, ఎల్లు!”

ఉత్తుంగతరంగపరంపరాక్షాళితమగు చాతం దీవి రేవునందు, ప్రాతఃకాల భాస్కరుడు సా మిల్లు రేకులపై కిరణశరములు గురిపించుచుండ, నౌకాభృత్యశిఖామణి అసిరయ్య పలికిన పిడుగుపలుకిది. విని, చక్రాల కుర్చీ నధిష్ఠించిన సీతాలు, కుట్టుమిషను నేలు ఆ చక్రవర్తిని, కనుబొమల విల్లు వంచి బదులిచ్చెను. ఇచ్చెను గాని, తత్క్షణమే ఫెర్రీ కూత బ్రహ్మాండము బద్దలగునట్లు మ్రోగి దానిని మ్రింగివేసెను. తక్కినదెల్ల చేపలగంపల మీదుగా ప్రాకిన వార్తయే: ఆవిడకు రంపము కావలెనట! ఎందుకట? జెట్టీ మెట్లు కోసివేయుటకట!

ఆమె త్వర సామాన్యమా! ఆవలియొడ్డున హోప్ టౌన్‌లో తమ్ముడు పోలిరాజు కొత్త పడవ నీట దిగనున్నది. పోటు తీయకముందే దాని ముక్కుకు పసుపు పూసి బొట్టుపెట్టవలసినది ఇంటి ఆడపడుచు. కాని కిందటి మారు నలుగురు ఆమెను మోసి ఓడలో దించి, కుర్చీని జెట్టీమీదనే మరచిరి. రథము చాతములో, రథి సముద్రములో! ఆ అవమానము గుండెలో ముల్లై కదలగా, ఒడిలోని పసుపు భరిణె నదిమిపట్టి ఆమె గర్జించెను:

“నన్నెవులూ ఎత్తొద్దు! నానేటి, రొయ్యల గంపనా? నా చక్రాల మీదే ఎక్కుతాను!”

“పాసింజర్లు మెట్ల మీంచే ఎక్కాల దీదీ. ఓడ ముందరి తలుపు బళ్లకే. రూల్!”

“నాది బండి కాదేటి భయ్యా? ఆ స్కూటర్లకి రెండు చక్రాలే. నాకు నాలుగు!”

ఈ తర్కశరాఘాతమునకు రూలు మూర్ఛిల్లెను. ఫెర్రీ మూతితలుపు ఘణఘణధ్వానముతో జెట్టీపై వాలెను. వాలెను గాని, అంచున నాలుగువేళ్ల యెత్తు మిగిలెను. అహో, నాలుగువేళ్ల వింధ్యాచలము! స్కూటర్లు దానిని లంఘించినవి. కుర్చీ ముందుచక్రములు మాత్రము అచ్చట మొండికేసిన దూడలవలె నిలిచిపోయినవి.

“సూస్తారేట్రా? తాడందుకోండి!” అని చేపలమ్ము యర్రమ్మ కేకవేసెను.

ఒడ్డున కదలక నిలిచినదేదైనను ఓడలోని జాలరుల చేతులకు పడవయే! కుర్చీ ముక్కుకు తాడు బిగించి, తలుపుపై బారులుతీరి, “ఐలేసా!” అని లాగిరి. చిన్నచక్రములు అంచుకు మరింత బిగిసెను. సీతాలు విల్లువీడిన బాణమువలె ముందునకు తూలెను. భరిణె మాత్రము వదలలేదు.

“ఆపండ్రా బాబూ! పడవైతే ముక్కుతో ఎక్కుద్ది, నా కుర్చీ వీపుతో ఎక్కుద్ది! తిప్పి కట్టండి! మీరు లాగండి, చక్రాలు నాను తోసుకుంటాను!”

తిప్పికట్టిరి. ఓడకు వీపు, జెట్టీకి ముఖము పెట్టి, అరచేతులు మండ, దవడ బిగియ, ఆమె పెద్దచక్రములను వెనుకకు త్రిప్పెను. “ఐలేసా!” ఒక వేలు. “ఐలేసా!” రెండు. వెన్నుచూపి గెలిచిన వీరులను ఏ పురాణమును ఎరుగదు. చాతం రేవు ఆనాడెరిగెను! ధడేలున కుర్చీ అంచుదాటి తలుపెక్కి, ఓడ నడుమ నిలిచెను.

అసిరయ్య చెమట తుడుచుకొని, “అంతా బాగుంది గాని దీదీ, రంపమెందుకడిగావ్?” అనెను.

“రంపమెవులడిగారు? ర్యాంపు! బండ్లు ఎక్కడానికి వేసీ వాలుబల్ల. ఆస్పత్రిలో దాన్నలాగే అంటారు. ఇదిగో, ఈ తలుపే!”

అసిరయ్య సభవంక తిరిగి చాటెను: “సునో, సునో! రంపం కాదంట, ర్యాంపంట! మెట్లు కొయ్యదంట! ర్యాంపంటే మన తలుపేనంట!”

“ఓస్! తలుపు దింపమంటే అయిపోను కదే,” అని యర్రమ్మ మూతి విరిచెను.

“దింపుతారా? అడిగితే కోతమిల్లుకి పొమ్మన్నారు!”

ఓడంతయు నవ్వెను, అసిరయ్య మరీ బిగ్గరగా నవ్వెను. జయము! నాలుగువేళ్ల యెత్తున నాలుగు దిక్కుల కెగసిన జయము! ఘణఘణమని తలుపు లేచి మూసుకొనెను. ఈ మారు రథమును, రథియు, ఇద్దరును లోపలనే యుండిరి.