ఊడిరాని ప్యాకింగ్‌కు ఒక నమస్కారం

ఇంజన్‌కు అంటుకుపోయి ఊడిరాని పాత గాస్కెట్ సంసారానికి మేలు చేస్తుంది. నమ్మరా? నా చేతులు చూడండి. ఆరు వేళ్ళకు ప్లాస్టర్లు ఉన్నాయి. మిగతా నాలుగూ ఈ కాలమ్ టైపు చేస్తున్నాయి. అనుభవం లేకుండా రాయడం లేదని మనవి.

గాస్కెట్ అంటే స్కూటర్ ఇంజన్‌కూ దాని పక్కమూతకూ మధ్య పెట్టే అట్టముక్క. మెకానిక్‌లు ప్యాకింగ్ అంటారు. దాని ఉద్యోగం ఒక్కటే, నూనె కారకుండా ఆపడం. మా ఆవిడ స్కూటర్‌లో అది ఆ ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. వాకిట్లో రోజూ మరక. మూత విప్పి చూస్తే మాత్రం అల్యూమినియానికి కరుచుకుని, కదిలేది లేదన్నట్టు కూర్చుని ఉంది. నూనె ఆపదు, చోటు వదలదు! ఇంత నిష్ఠ ఎక్కడైనా చూశామా? మీకు ఎవరెవరో గుర్తొస్తున్నారని తెలుసు. నాకు మాత్రం ఎవరూ గుర్తురాలేదు.

"మెకానిక్‌ని పిలవనా?" అంది మా ఆవిడ శనివారం పొద్దున. ఆవిడ ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. సోమవారం నుంచి ఆరింటికే డ్యూటీ. ఆ వేళకు మా వీధికి బస్సు రాదు.

"అట్టముక్కకు మెకానిక్ ఎందుకు?" అన్నాను.

అక్కడినుంచి అన్నీ మేళ్ళే! అల్యూమినియం మెత్తనిదని నాకు స్క్రూడ్రైవర్ నేర్పింది. ఒక్క గీకుడుకు మూత అంచున గీత పడింది. గీత పడితే కొత్త ప్యాకింగ్ వేసినా అక్కడినుంచి నూనె కారుతుందట. ఈ సంగతి యూట్యూబ్‌లో రిపేరు వీడియోలో ఉంది. వీడియో తర్వాత చూశాను. రిపోర్టర్‌ని కదా, ముందు ఘటన జరగాలి, వివరాలు తర్వాత.

ఇరుగుపొరుగు మాటేమిటంటారా? ఎదురింటి అత్తయ్యగారు వెనిగర్ పట్టుకొచ్చారు. పైవాటా ఇంజనీరు హెయిర్ డ్రయ్యర్ తెచ్చి "వేడి పడాలి అంకుల్" అన్నాడు. నాతో మాటలు లేని ఇంటి ఓనరు కూడా వచ్చి, మాట్లాడకుండానే నాలుగు గీకులు గీకి వెళ్ళాడు. తేలిగ్గా ఊడొచ్చే ప్యాకింగ్ కోసం ఇంతమంది వస్తారా? మా అమ్మాయి ఒక్కతే లోపలినుంచి అరిచింది. "నాన్నా, నా నెయిల్ పాలిష్ రిమూవర్ మొత్తం ఇంజన్‌కి తాగించేశావా!"

ఇనుము తగలకూడదు, ప్లాస్టిక్‌తోనే గీకాలి అంది వీడియో. జేబులో ప్లాస్టిక్ ప్రెస్ కార్డు ఉంది, దాంతోనే గీకాను. ఇన్నేళ్ళలో ఆ కార్డు చూపిస్తే ఏ ఆఫీసులోనూ ఎవరూ కుర్చీలోంచి కదల్లేదు. ప్యాకింగ్ కదిలింది! గోరంత. పత్రికల బలం మీద నాకు మళ్ళీ నమ్మకం కుదిరింది.

ఆదివారం మధ్యాహ్నానికి కూడా ఆ గోరంత దగ్గరే ఉన్నాను. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"దాన్ని మీరు పట్టుకున్నారా, మిమ్మల్ని అది పట్టుకుందా?"

"నీకు తెలీదు, దీనికో పద్ధతుంది," అన్నాను. "మొరటుగా పోకూడదు. ముందు వేడి తగలాలి. తర్వాత తడపాలి. నానేదాకా నోరు మూసుకుని ఆగాలి. అప్పుడు మెత్తటిదానితో అంచు దగ్గర మెల్లగా కదపాలి. దానంతట అదే లేచొస్తుంది."

"అలాగా!" అంది. పెళ్ళయ్యాక నా మాట ఆవిడ అంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

కాసేపటికి వేడివేడి కాఫీ వచ్చింది. నేను అడగలేదు. గ్లాసు అందిస్తూ, "మీ ఓపిక ఎవరికుంటుందండీ!" అంది. ఆ మాటా నేను అడగలేదు. తర్వాత ఏమీ అనకుండా గడప మీద కూర్చుంది. ఆ తర్వాత మెల్లగా, "పక్కవీధి మాస్టారు మీ కిందటివారం వ్యాసం గురించి మాట్లాడాలంటున్నారు. ఒక్క అయిదు నిమిషాలు వెళ్ళొస్తే..." అంది.

లేచాను.

మాస్టారు గంటన్నర మాట్లాడారు. ఆయన వ్యాసం చదవలేదని గంట తర్వాత తెలిసింది.

తిరిగొచ్చేసరికి స్కూటర్‌కు మూత బిగించి ఉంది. వాకిలి కడిగి ఉంది. వీధిచివరి మెకానిక్ చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఈ కార్డు మీదేనా సార్? ఫొటో అరిగిపోయింది, పోల్చుకోలేకపోయాను."

"ప్యాకింగ్ ఎలా ఊడింది?" అన్నాను.

"దానికేముంది సార్, వచ్చేసింది. గీత మీద పేస్టు కూడా పెట్టాను. మీరు లేవడమే ఆలస్యమంట కదా!"

మా ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్కూటర్ స్టార్ట్ చేసింది. కింద చుక్క పడలేదు. నన్ను లేపడంలో నామీద ఒక్క గీతా పడలేదు. పనితనం అంటే అది!

ఈ పొద్దున ఆవిడ ఆరింటికి డ్యూటీలో ఉంది. నేను పదింటికి ఆఫీసుకొచ్చి, ఈ కాలమ్ రాయడానికి ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాను. ఎడిటర్‌గారు ఎప్పుడూ లేనిది నాకు వేడివేడి కాఫీ పంపించారు. వెనకాలే తానూ వచ్చి, "మీ అనుభవం ఎవరికుందండీ!" అన్నారు.

ఇప్పుడు తన గది గుమ్మంలో నిలబడి, ఏమీ అనకుండా, నావైపే చూస్తున్నారు.