గొడుగు మండపం జీర్ణోద్ధరణ

ఆ ఆదివారం ఉదయం చేయవలసిన పని చాలా చిన్నది. కూడలిలో విప్పి పరిచిన రాళ్లను అంకెల వరుసలో మళ్లీ పేర్చడం, సాయంత్రానికి గొడుగు మండపాన్ని నిలబెట్టడం, ఇంటికి పోయి నడుం వాల్చడం. రిటైరైన డ్రాయింగు మాస్టారు ఇంతకు మించి ఏమీ కోరలేదు.

సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి బిగించి కట్టిన పాతకాలపు మండపం అది. పునాది కుంగి ఓ పక్కకు ఒరిగేసరికి, రోడ్డుకు అడ్డమని మునిసిపాలిటీవాళ్లు తీసిపారేస్తామన్నారు. మాస్టారు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, వీధివాళ్లమే శ్రమదానంతో బాగుచేసుకుంటామని ఒప్పించాడు. సోమవారం పొద్దున పురావస్తు అధికారి వచ్చి చూస్తాడు. మండపం నిలబడి ఉంటే సరే, లేకపోతే ఆ రాళ్లు రోడ్డు కింద కంకరైపోతాయి. మాస్టారి పట్టుదలకు కారణం వీధిలో అందరికీ తెలుసు. బడి వదిలే వేళకు ఆయన భార్య ఆ మండపంలోనే కూర్చుని ఎదురుచూసేది. ఆవిడ పోయాక రోజూ సాయంత్రం ఆయనే వెళ్లి అక్కడ కూర్చునేవాడు. కూర్చున్నంతసేపూ దుఃఖం కాస్త తగ్గేది.

రాళ్లు విప్పేటప్పుడు మేస్త్రి రంగుతో అంకెలు వేద్దామన్నాడు. పాత రాయికి రంగు పూయడం పాపమన్నాడు మాస్టారు. జీవితమంతా సుద్దముక్క పట్టుకున్న మనిషి కాబట్టి, సుద్దముక్కతోనే ప్రతి రాయి మీదా అంకె వేశాడు.

ఆయన కూడలికి చేరేసరికి వదిన అక్కడే ఉంది. భార్యకు సొంత అక్క. పక్కన ఖాళీ బకెట్లు, చేతిలో బ్రష్షు. రాళ్లు తళతళలాడుతున్నాయి.

“చూశారా మరిదిగారూ, ఎవరి పిల్లలో గానీ ఒక్క రాయినీ వదల్లేదు. అన్నిటి మీదా పిచ్చిగీతలే. చేతులు పడిపోయాయనుకోండి, మొత్తం వదిలించేశాను.”

మాస్టారు ఒక రాయి తిప్పి చూశాడు. ఇంకొకటి తిప్పాడు. తర్వాత దాని మీదే కూలబడ్డాడు.

“అవి నేను వేసిన అంకెలు వదినగారూ.”

“అయ్యో, ఒక్క మాట చెప్పొద్దూ?” అంటూ ఆవిడ బ్రష్షు కింద పెట్టేసింది.

“కంగారేం లేదు. చేతిలోకి తీసుకుంటే రాయే చెబుతుంది తన చోటేదో,” అన్నాడు మేస్త్రి. మధ్యాహ్నం దాకా ఎత్తాడు, దించాడు. ఏ రాయీ నోరు విప్పలేదు.

సాయానికి వచ్చిన మూలకొట్టు టైలరుకు అప్పుడొక ఆలోచన తట్టింది. “మండపం ముందు ఫొటో దిగని కొంప మన దగ్గరుందా? అవి చూసి పేర్చేద్దాం.” వెంటనే స్టూలెక్కి, ఇంట్లో పాత ఫొటోలున్నవాళ్లంతా తీసుకురావాలని రెండు వీధులకూ వినిపించేలా కేకేశాడు. ఎందుకో చెప్పడం మరిచిపోయాడు.

అక్కడితో వ్యవహారం చెయ్యి దాటింది. ఫొటో ఉన్నవాళ్ల పేర్లు రాతి మీద చెక్కిస్తారని ఒక వీధి అనుకుంది. ఫొటో లేనివాళ్లను ఇక అటువైపు రానివ్వరేమోనని రెండో వీధి భయపడింది. జనం ఇస్త్రీ బట్టలేసుకుని, ఆల్బములు చంకన పెట్టుకుని, ముసలివాళ్లను కుర్చీలతో సహా మోసుకొచ్చారు. తీరా చూస్తే ప్రతి ఫొటోలోనూ కుటుంబం భుజం భుజం ఆనించి బారుగా నిలబడి ఉంది. తలకూ తలకూ మధ్య బెత్తెడు రాయి కనిపిస్తే గొప్ప.

“కాస్త పక్కకు జరిగి దిగొచ్చు కదండీ,” అని మేస్త్రి ఒక పెద్దాయన్ని నిలదీశాడు.

“మేం దిగింది మా ఫొటో. మండపానికి కావాలంటే అది వేరే దిగాలి.”

“మా తాత చెవి పక్కనున్నదే మొదటి వరస రాయి,” అని ఒకావిడ పట్టుబట్టింది. “మీ తాత చెవిని నమ్ముకుంటే కప్పు నెత్తిన పడుతుంది,” అని ఇంకొకావిడ అడ్డుపడింది. పొద్దు వాలుతోంది. రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

వదిన మెల్లగా మాస్టారి దగ్గరికొచ్చింది. “మీ ఇంట్లోనూ ఒకటుండాలే, చెల్లిది.”

“అదెందుకూ పనికిరాదు. ఆ ఫొటోగ్రాఫరు ఒట్టి చేతగానివాడు. మండపం మొత్తం తీసి, మనిషిని సగమే తీశాడు.”

అన్నాక ఆయనే ఆగిపోయాడు. లేచి ఇంటికి నడిచాడు.

ఫొటోలో ఓ అంచున ఒక భుజం, సగం నవ్వు. మిగిలినదంతా మండపమే, ప్రతి రాయీ స్పష్టంగా ఉంది. ఆవిడ ఒక్కతే దిగిన ఫొటో అదొక్కటే కావడంతో, ఆ ఫొటోగ్రాఫర్ని మాస్టారు ఏళ్లతరబడి తిడుతూనే ఉన్నాడు. వదిన దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది, ఎవరికీ ఇవ్వలేదు. “అది కాదు, దాని పక్కనున్న పొట్టిది,” అని ఆవిడ చెబుతుంటే రెండు వీధులూ కలిసి మోశాయి. చీకటి పడేలోపే గొడుగు కప్పు స్తంభాల మీద కూర్చుంది. మాస్టారు అందరి ముందూ ఏడ్చాడు.

మర్నాడు అధికారి మండపం చుట్టూ తిరిగి, వంగి చూసి, తట్టి చూసి, కళ్లజోడు తీసేశాడు.

“మా శాఖవాళ్లం కూడా ఇంత కచ్చితంగా పేర్చలేం మాస్టారూ. రోడ్డునే పక్కకు తిప్పిస్తాను. దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటించమని ఇవాళే రాస్తాను. చుట్టూ ఇనప కంచె, గేటుకు తాళం.”

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక మాస్టారు అడిగాడు.

“మరి లోపల కూర్చోడానికి?”

“ఇక ఎవరూ కూర్చోకూడదండి. మీరింత కష్టపడి నిలబెట్టింది మళ్లీ పాడైపోదూ?” అన్నాడు అధికారి ఎంతో గౌరవంగా.

ఇప్పుడు సాయంత్రాలు మాస్టారూ వదినా రోడ్డవతల టైలరు కొట్టు ముందు కూర్చుంటున్నారు. అక్కడి నుంచి మండపం చాలా బాగా కనిపిస్తుందని అందరూ అంటారు.