పురుగుకు మొగుడి పేరు

ఆ ఉదయం నెలిదా వేసుకున్న పథకం చిన్నదే. ల్యాబు ఫ్రిజ్ చెడిపోతే ఇంటి ఫ్రిజ్‌లో పెట్టిన కొర్వీనా చేప తలను కయావో రేవులోని ల్యాబుకు తీసుకెళ్లాలి. దాని మొప్పల్లో దాక్కున్న, కంటికి ఆనని పురుగు కొక్కేల బొమ్మ గీసి సాయంత్రంలోగా సైన్సు పత్రికకు పంపాలి. లోకంలో ఇంకెవరూ వర్ణించని పురుగది. అంతకుముందు దొరికినవాటికి కొక్కేలు విరిగిపోయాయి. ఏళ్ల కష్టమంతా ఇప్పుడు ఆ తలలోనే ఉంది.

రొట్టెల కొట్టు దగ్గర వరుసలో నిలబడి ఆమె ఇంటికొచ్చేసరికి కొత్తిమీర, నిమ్మరసం వాసన గుప్పుమంది. ఫ్రిజ్ ఖాళీ.

"ఫెర్మిన్, ఇక్కడో తల ఉండాలి."

"చిల్కానో కాచేశా. దగ్గుతున్నావుగా, వేడివేడిగా సూపు తాగు," అన్నాడు భర్త. హోటల్ మూతపడ్డాక ఆ వంటవాడికి భార్యకు వండిపెట్టడమే ఉద్యోగం.

"మరి మొప్పలు?"

"మొప్పలుంచి సూపు కాచే వంటవాణ్ణా నేను? కిటికీలోంచి పెలికాన్ పక్షులకు విసిరేశా."

నెలిదా కుర్చీలో కూలబడింది. "అయ్యో, నా పురుగు పోయింది."

పురుగన్న మాట అత్తగారు ఓర్తెన్సియా చెవిన పడింది. ఆవిడ అప్పటికే ఒక గిన్నె తాగి, కింది వాటాకు ఇంకో గిన్నె పంపారు కూడా. "సూపులో పురుగులట," అని ఆవిడ పొట్ట పట్టుకోగానే కింది వాటావాళ్లూ పట్టుకున్నారు. వాళ్లను చూసి, సూపు రుచే ఎరగని పక్కింటివాళ్లూ పట్టుకున్నారు. పురుగు పెలికాన్ల పొట్టలో ఉందని ఫెర్మిన్ ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు.

"అది మనుషుల్ని ఏమీ చెయ్యదత్తయ్యా. మంచి పురుగు. దానికి మీ అబ్బాయి పేరే పెడుతున్నా," అంది నెలిదా, ఓదార్చబోయి.

"ఒకరి ఒంటిమీద కూర్చుని తినేదానికి నా కొడుకు పేరా?" అన్నారు అత్తగారు.

ఫెర్మిన్ ఏప్రన్ విప్పి మేకుకు తగిలించి వెళ్లిపోయాడు. సంపాదించేది తానేనన్న మాట నెలిదా ఏనాడూ నోట రానివ్వలేదు. ఇవాళ ఆ మాట పురుగు చేత అనిపించినట్టయింది. బొమ్మ సంగతే మర్చిపోయి, అతని కోసం రేవంతా వెతికింది.

అతను ల్యాబు గుమ్మంలో ఉన్నాడు. పక్కన గోనెసంచి నిండా కొర్వీనా తలలు.

"మొప్పలతో సహా ఉన్నాయి. పేరు మాత్రం ఇంకెవరిదైనా పెట్టుకో," అన్నాడు నేలచూపులు చూస్తూ.

ఆమె ఒక్కో తలా కోసుకుంటూ పోయింది. చివరికి కొక్కేలు విరగని పురుగొకటి దొరకగానే అతని చెయ్యి పట్టి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది.

"ఆ కొక్కేలు చూశావా? ఒక్కసారి పట్టుకుంటే ఎంత అలలొచ్చినా వదలదు. ఇలాంటివాటికి మేం ప్రాణమైనవాళ్ల పేర్లే పెట్టుకుంటాం, పిచ్చోడా."

"పురుగు లేకపోయినా చేప బతుకుతుందిగా?"

"చేప బతుకుతుంది. నేను బతకలేను."

ఫెర్మిన్ మళ్లీ కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. "కాస్త అందంగానే ఉంది," అన్నాడు.

బొమ్మ సాయంత్రానికి వెళ్లిపోయింది. ఓర్తెన్సియా మాత్రం అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు, కొడుకు పేరుకు పురుగు దొరికింది గానీ కన్నతల్లి పేరుకు ఒక్కటీ దొరకలేదా అని.