అత్తగారి పేరు మీద

ఆదివారం పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లలు లేవకముందే పార్కుకు వెళ్ళి, ఎక్కడా ఆగకుండా ఒక చుట్టు పరుగెత్తి, ఇల్లు మేలుకునే వేళకు తిరిగి రావడం. బడి రోజుల్లో పరుగులో ఆమెను అందుకున్నవాళ్ళు లేరు. ఇద్దరు పిల్లలు పుట్టాక మాత్రం నాలుగు అడుగులు జోరుగా వేస్తే చాలు, మూత్రం చుక్కలుగా జారిపోయేది. దగ్గినా అంతే. గట్టిగా నవ్వినా అంతే. అందుకని నవ్వడం కూడా తగ్గించుకుంది.

ఈ సంగతి ఆమె ముగ్గురితో చెప్పుకుంది. డాక్టరు రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండా, "ఇద్దరు పిల్లల తల్లివి, మామూలేనమ్మా" అన్నాడు. భర్త, "మామూలేనట కదా, మరి ఆ పరుగెందుకు? మానేస్తే పోలా?" అన్నాడు. మూడోవాడు దేవుడు. ఆయన ఏమీ అనలేదు. ఆమెకు ఆయన మీద నమ్మకం పోలేదు గానీ, ఇంత ఒంటిని ఇంత ఓపికగా చేసినవాడు ఆ ఒక్కచోట ముడి ఎందుకు వదులుగా వేశాడా అని దండం పెట్టుకున్నప్పుడల్లా అనుమానం వచ్చేది.

అత్తగారికి చెప్పలేదు. చెప్పకముందే ఆవిడ, కోడలు బూట్లు తొడుక్కోవడం చూసి, "పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు" అని ఓ సామెత విసిరేది.

కోడలు మందుల షాపులో బిల్లులు వేస్తుంది. పెద్దవాళ్ళు వాడే ప్యాడ్లు కొనడానికి వచ్చే ఆడవాళ్ళంతా అక్కడ ఒకటే మాట అంటారు. "మా అత్తగారికండీ." ఆ లెక్కన ఊళ్ళో అత్తగార్లందరూ మంచం పట్టి ఉండాలి. శనివారం సాయంత్రం ఆమె తనకోసం ఒక ప్యాకెట్టు తీసుకుంటుండగా షాపు యజమాని చూశాడు.

"ఎవరికమ్మా?"

రోజూ చెవిన పడే మాటే నోట్లోంచి వచ్చింది. "మా అత్తగారికండీ."

ఆదివారం పరుగు దివ్యంగా సాగింది. చుట్టు పూర్తయింది, ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆమె ఇల్లు చేరి, ఎప్పటిలాగే ముందు తన ప్యాంటు ఉతికి ఆరేసుకుని హాల్లోకి వచ్చేసరికి, భర్త, తన తల్లి ముందు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో అవే ప్యాకెట్లు, మూడు. చిన్నదానికి దగ్గు మందు కోసం షాపుకు వెళ్తే యజమాని అతని భుజం తట్టి, "మీ అమ్మగారి సంగతి విన్నాను, పెద్ద వయసు, మొహమాటపడకండి" అని సంచిలో పెట్టి పంపాడట.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు భర్త.

"ఏంట్రా చెప్పేది?"

"నా దగ్గర సిగ్గేంటి? నీ కొడుకుని."

"ఒరేయ్, నాకేం కాలేదురా."

అతను భార్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పాపం, ఒప్పుకోలేకపోతోంది."

కోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. నిజం చెబితే తన పరుగు ఆ పూటతో సరి. చెప్పకపోతే ముసలావిడ ఉసురు. సాయంత్రం చెబుదాంలే అనుకుంది. సాయంత్రానికి ఆడపడుచు దిగింది.

ఆడపడుచు రావడంతోనే ఇంటికి చట్టాలు వచ్చాయి. పొద్దు వాలాక అమ్మకు నీళ్ళు లేవు. టీ అసలే లేదు. సోఫాకు ప్లాస్టిక్ తొడుగు వేశారు. అత్తగారు కదిలినప్పుడల్లా అది కిర్రుమనేది, అందరూ జాలిగా చూసేవారు. ఆవిడ తన అక్కగారి ఊరు వెళ్ళడానికి కొన్న టికెట్టు రద్దు చేశారు. "దారిలో బస్సు ఆపరమ్మా" అన్నాడు కొడుకు. చిన్నది తన పాత పాటీ తెచ్చి నాయనమ్మ మంచం పక్కన పెట్టి, "నేను నేర్పుతాలే" అంది. ఆవిడ అంత మెచ్చుకున్న నిలబడి తాగే నీళ్ళు కూడా ఇప్పుడు గ్లాసుతో కొలిచి ఇస్తున్నారు. ఆవిడ కాదన్నకొద్దీ జాలి పెరుగుతోంది.

మర్నాడు పొద్దున కోడలు పార్కు నుంచి వచ్చి ప్యాంటు పిండుతూ వెనక్కి తిరిగితే అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. ప్యాంటు వంక చూసింది, కోడలి వంక చూసింది. "వచ్చావా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆవిడ కాదనడం మానేసింది.

"ఇక నావల్ల కాదురా బాబూ. ఎవరైనా పెద్ద డాక్టరుకి చూపించు" అంది కొడుకుతో.

గంటలో అపాయింట్‌మెంటు దొరికింది. భార్య రెండు కాన్పులకూ ఆఫీసులో దొరకని సెలవు కూడా దొరికింది.

ఆసుపత్రిలో అత్తగారు కొడుకును బయటే కూర్చోబెట్టి, కోడలిని వెంట తీసుకుని లోపలికి వెళ్ళింది. డాక్టరమ్మ, "చెప్పండి పెద్దమ్మా" అంది.

"చెప్పాల్సింది ఇది." అత్తగారు కోడలిని కుర్చీలోకి నెట్టింది. "పేరు నాది రాశారు గానీ, బాధ దీనిది."

"అత్తయ్యా, మీకెలా..."

"ఇంటెడు బట్టలు వదిలేసి పొద్దున్నే ఒక్క ప్యాంటు ఎందుకు ఉతుక్కుంటావో నాకు తెలీదా? నేనూ అలాగే ఉతుక్కునేదాన్ని. వాడు పుట్టినప్పటి నుంచీ."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"అడిగినవాళ్ళేరీ?"

"మరి పొద్దున చూసినప్పుడే మీ అబ్బాయికి అసలు సంగతి చెప్పాల్సింది."

"నీకని చెబితే మామూలే అంటాడు. నాకని చెబితే సెలవు పెడతాడు. సోఫా మీద కిర్రుమంటూ ఊరికే కూర్చున్నాననుకున్నావా?"

కోడలికి నవ్వొచ్చింది. అలవాటుగా కాలు మీద కాలు బిగించుకుంది. అది చూసి డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"ఇది చాలామందికి వస్తుందమ్మా. అంటే ఊరుకోమని కాదు. మూత్రం పట్టి ఉంచే కండరాలకి వ్యాయామం ఉంది. రోజూ చేస్తే కొన్ని నెలల్లో చాలామందికి తగ్గుతుంది. పరుగు మానక్కర్లేదు, నెమ్మదిగా పెంచుకో. కాన్పప్పుడు ఎవరూ చెప్పలేదా?"

"మామూలే అని చెప్పారండి" అంది కోడలు. ఎవరైనా ఒక్క మాట చెబితే తెలిసేదానికి ఇన్నేళ్ళు. నవ్వు పోయి కళ్ళు నిండాయి. డాక్టరమ్మ ఇద్దరినీ చూసింది, ఇద్దరికీ నేర్పింది.

బయట భర్త ఆత్రంగా లేచాడు. "అమ్మకేమన్నారు?"

"ఒకే వ్యాయామం ఇద్దరినీ చెయ్యమన్నారు. రేపట్నుంచి పొద్దున్నే పార్కుకెళ్తాం. ఇది పరుగు, నేను నడక" అంది అత్తగారు.

"మరి పిల్లలో?"

"నువ్వున్నావుగా."

మర్నాడు కోడలు రెండో మలుపు తిరుగుతుండగా బెంచీ మీద అలుపు తీర్చుకుంటున్న అత్తగారి ఫోను మోగింది. "ఎప్పుడొస్తారమ్మా? చిన్నది చంక దిగట్లేదు, పెద్దాడు బాత్రూములో గడియ పెట్టుకున్నాడు. నేను ఎంతసేపని ఆపుకోను?"

"మామూలేరా" అని ఆవిడ ఫోను పెట్టేసింది.