టేకు బీరువాకు చెద

పథకాలరావు అసలు పేరు బీమా ఆఫీసు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా మిగల్లేదు. కదిలితే ఒక పథకం, మెదిలితే ఒక పథకం వేస్తాడని వీధివాళ్ళు పెట్టిన పేరే స్థిరపడిపోయింది. వేసిన పథకాల్లో పారినదొక్కటీ లేకపోయినా ఆయన ఉత్సాహం మాత్రం తగ్గేది కాదు.

ఈసారి పథకం బీరువా మీద. కొట్టు అద్దాల్లో ఒక వాలుకుర్చీ చూశాడు. వెనక్కి వాలితే కాళ్ళు వాటంతటవే పైకి లేస్తాయి. దాన్ని వేసుకోవడానికి ఇంట్లో ఉన్నది పడకగదిలోని ఒకే ఒక్క గోడ. ఆ గోడను భార్యగారి టేకు బీరువా ఆక్రమించుకుని కూర్చుంది.

అది మామూలు బీరువా కాదు. కలప అడితి నడిపే మామగారు చెట్టు నడిబొడ్డు చెక్క ఏరి, మూడేళ్ళు నీడన ఆరబెట్టి, కూతురి కోసం చేయించింది. ఎక్కడా పై తెల్లచెక్క లేదు, అంతా చేవే. వానకు ఉబ్బదు, ఎండకు పగలదు, లోపలి మేకుకు తుప్పు కూడా పట్టనివ్వదు. చేవ అంటూ చెక్కలో ఉంటే చాలు, మనిషిలో లేకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చని మామగారు అప్పుడప్పుడూ అల్లుడి వైపు చూడకుండా అంటుండేవారు.

అమ్మేద్దామని ఒకసారి మర్యాదగానే అడిగి చూశాడు.

"అలాగే. ముందు దేన్ని అమ్ముదాం, బీరువానా, మిమ్మల్నా?" అంది ఆవిడ కూర తరుగుతూ.

"ఇదేం పోలిక?"

"రెండూ పాతవే కదండీ. కాకపోతే దానికి గిరాకీ ఉంది."

దాంతో ముక్కుసూటి మార్గం మూసుకుపోయింది. పథకాలరావు దొడ్డిదారి పట్టాడు. ఆఫీసు పక్కన కుర్చీలు చేసే కొట్టు నుంచి రంపపు పొడిని టిఫిన్ డబ్బాలో పోసుకుని తెచ్చాడు. సోమవారం బీరువా కింద చిటికెడు చల్లాడు. మంగళవారం గుప్పెడు చల్లాడు. బుధవారానికి ఉత్సాహం ఎక్కువై కుప్ప పోశాడు. అంత పొడి రాలాలంటే నమలాల్సింది చెద కాదు, ఏనుగు.

ఆ కుప్ప దగ్గర భార్యను నిలబెట్టి, గొంతులో వీలైనంత దిగులు నింపుకుని, బీరువాకు చెద పట్టిందన్నాడు. ఆవిడ వంగి చిటికెడు పొడి తీసింది. వేళ్ళ మధ్య నలిపింది. వాసన చూసింది.

"నిజమేనండీ. చెదే."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే ఎవరికైనా అనుమానం రావాలి. పథకాలరావుకు ఆనందం వచ్చింది. ఇల్లంతా పాకకముందే బీరువాను బయట పెట్టించాలని ఆవిడే తొందరపెట్టింది. ఆదివారం ఉదయానికి నలుగురు హమాలీలను ఆవిడే పిలిపించింది. బీరువాలోని చీరలు, దుప్పట్లు, ఇంటి కాగితాలు మంచం మీద గుట్టగా పోసింది.

హమాలీల పెద్ద బీరువా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఇది ఈ గదిలోకి ఎలా వచ్చిందని అడిగాడు. తలుపులోంచే వచ్చిందని పథకాలరావు గట్టిగా చెప్పాడు. నిజానికి వడ్రంగి పలకలుగా తెచ్చి, గదిలోనే కూర్చుని బిగించాడు. ఆరోజు ఈయన ఆఫీసులో ఉన్నాడు. భార్యగారు ఇంట్లోనే ఉంది, ఇప్పుడూ అక్కడే ఉంది, కానీ పెదవి విప్పలేదు.

నలుగురూ బయటి నుంచి లాగారు. లోపలి నుంచి పథకాలరావు నెట్టాడు. గదిలో రెండు గచ్చుపలకలు చిట్లాయి. బీరువా సగం గుమ్మంలోకి వెళ్ళి, అక్కడ కొండలా బిగుసుకుపోయింది. ఇక ముందుకు రాదు, వెనక్కి పోదు. కిటికీకి ఇనుప ఊచలు. అలా పథకాలరావు సొంత పడకగదిలో ఖైదీ అయ్యాడు.

హమాలీలు టీ తాగుదామని వీధిలోకి పోయారు. బీరువా పైనున్న సందులోంచి ఒక గాజుల చెయ్యి గ్లాసు అందించింది.

"చక్కెర సరిపోయిందా?"

"ముందు నన్ను బయటికి తీయించవే."

"వడ్రంగి వస్తున్నాడు. తొందరేముంది, ఆదివారమే కదా."

ఆయన ఆ సందులోంచే తిని, ఆ సందులోంచే నీళ్ళు తాగి, చీరల గుట్ట పక్కన గంటన్నర కూర్చున్నాడు. చివరికి వడ్రంగి వచ్చాడు. బీరువా మూల కోసేయమని లోపలి నుంచి కేకేశాడు పథకాలరావు. వడ్రంగి పలక మీద చెయ్యి వేసి, నూనె నిండిన ఇలాంటి చెక్క ఈ రోజుల్లో కళ్ళబడటమే గొప్పని, దీన్ని కోస్తే రంపం పళ్ళు మొద్దుబారడం అటుంచి పాపం చుట్టుకుంటుందని చెప్పాడు. తర్వాత ఉలి తీసి ద్వారబంధానికి ఆనించి ఒక్క దెబ్బ కొట్టాడు.

ఉలి పిడిదాకా దిగిపోయింది. ఏదో నాసి చెక్కతో చేసిన ఆ ద్వారబంధం లోపలంతా డొల్ల. ఇంకో దెబ్బకు పైకమ్మీ ఊడి, మట్టితో, తెల్లటి పురుగులతో సహా పథకాలరావు నెత్తిన రాలింది.

"బాబుగారూ, చెద ఉన్నది బీరువాలో కాదండి. ఇదిగో, ఇక్కడ."

రెండు పక్కల నిలువు చెక్కలూ ఊడదీశాక గుమ్మం వెడల్పయింది. ముందుకు లాగమంటారా, వెనక్కి నెట్టమంటారా అని హమాలీల పెద్ద అడిగాడు. భార్యగారు వెనక్కి నెట్టమంది. బీరువా గోడకు చేరాక పథకాలరావు జుట్టు నిండా మట్టితో బయటికి వచ్చాడు.

"చెదేనని నువ్వు కూడా అన్నావుగా?"

"చెద పొడి రాల్చదండీ, మట్టి కడుతుంది. పైగా మీరు పోసింది మామిడి చెక్క పొడి. టేకు పొడైతే చేతికి జిడ్డుగా తగిలి తోలు వాసన వేస్తుంది. అడితిలో పెరిగినదాన్ని, ఆమాత్రం తెలియదా?"

"తెలిసి ఎందుకు ఊరుకున్నట్టు?"

"ద్వారబంధం పుచ్చింది, మార్పించండని రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఊడి పడ్డప్పుడు చూద్దాంలే అన్నారు. నా చేతులతో పడగొడితే మీరు ఊరుకుంటారా? అందుకని మీ పథకంతోనే పడగొట్టించాను."

వాలుకుర్చీకని దాచిన డబ్బు టేకు దూలాలుగా మారి మూడో రోజుకే ఇంటికి వచ్చింది. వెంట మామగారూ వచ్చారు. వడ్రంగి బిగించి వెళ్ళాక ఆయన అల్లుడి చేతిలో ఉప్పుకాగితం పెట్టి, చెక్క గీతల వెంటే రుద్దాలి తప్ప అడ్డంగా రుద్దకూడదని నేర్పారు. సాయంత్రానికి పథకాలరావు భుజాలు పడిపోయాయి. చెక్క మాత్రం తేనె రంగు తిరిగి నిగనిగలాడింది.

భార్యగారు వచ్చి దాని మీద వేలు నడిపి, బాగుందని మెచ్చుకుంది.

"వంటింటి ద్వారబంధం కూడా తట్టి చూశానండీ. అదీ బోలుగానే మోగుతోంది."

పథకాలరావు ఏదో అనబోయాడు. ఆవిడ చేతిలో కొత్త ఉప్పుకాగితం కట్ట కనిపించింది. గీతలు ఎటు పోతున్నాయో చూసుకుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు.