పల్లికాయ అంచు, పాత కంప్యూటర్

ఆ రోజు పొద్దున వసంత వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కంప్యూటర్‌లో కొత్త సిస్టం ఎక్కించాలి. పదిన్నరకల్లా వంట ముగించాలి. పదకొండు గంటల బస్సుకు చెల్లెలి పెన్‌డ్రైవ్ తిప్పి పంపాలి. మధ్యాహ్నం మూడింటికి, వాళ్ల చీరలు కొనే సీతారాములు సేటు వచ్చేసరికి మంచి చీర కట్టుకుని, తెర మీద అంచు చూపించడానికి తయారుగా కూర్చోవాలి. అప్పటికే బియ్యం కడిగి నానబెట్టింది కూడా.

గద్వాలలో వాళ్లది రెండు మగ్గాల ఇల్లు. భర్త మల్లికార్జున్ నేస్తాడు, అత్త రుక్కమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది, అంచుల బొమ్మలు వసంత కంప్యూటర్‌లో గీస్తుంది. తొమ్మిదేళ్లుగా గీస్తోంది. అయినా చీరకు సేటు కట్టే చీటీ మీద మల్లికార్జున్ పేరు ఒక్కటే ఉంటుంది. వసంత కూడా ఇంతకాలం పట్టించుకోలేదు, ఎందుకంటే అవన్నీ పాత అంచులకే కాస్త అటూ ఇటూ చేసిన బొమ్మలు. ఈసారిది అలాంటిది కాదు. పల్లికాయల తీగ. ఆకు, కాయ, మళ్లీ ఆకు. రెండు నెలలు కూర్చుని గీసింది. సేటుకు నచ్చితే చీటీ మీద తన పేరు కూడా రాయమని అడగాలని గట్టిగా అనుకుంది.

చిక్కల్లా కంప్యూటర్‌తోనే. అది పన్నెండేళ్ల నాటిది. పోయిన నెల సేటు వచ్చినప్పుడు, అది తెరుచుకునేలోగా ఆయన చాయ్ తాగాడు, పేపర్ చదివాడు, మల్లికార్జున్‌తో వానల సంగతి మాట్లాడాడు, బస్సుకు వేళైందని లేచి వెళ్లిపోయాడు. ఆయన గుమ్మం దాటాక తెర మీద పల్లికాయ కనిపించింది. ఆ బొమ్మ ఇంకెక్కడా లేదు. కాగితం మీద పెట్టినా, ఫోన్‌లో పెట్టినా సాయంత్రానికల్లా వీధి చివరి మగ్గం మీదికి ఎక్కుతుందని వసంత భయం. ఆ వీధిలో దాన్ని భయం అనరు, అనుభవం అంటారు.

వనపర్తిలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసే చెల్లెలు సౌందర్య ఉపాయం చెప్పింది. "లినక్స్ అని ఉంటదక్కా. ఎవలన్న ఉత్తగనే వాడుకోవచ్చు. పాత డబ్బా కంప్యూటర్లు గూడ దాంతోని మంచిగ నడుస్తయ్. అరగంట పని." పెన్‌డ్రైవ్‌ను ముందురోజు సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపింది. ఆ ఊళ్ల మధ్య మందులు, టిఫిన్ డబ్బాలు, పెళ్లి కార్డులు అన్నీ అలాగే తిరుగుతాయి. "కానీ పదకొండు బస్సుకు తిప్పి పంపాలె. మా పిల్లలకు ప్రాక్టికల్స్ ఉన్నయ్" అని మరీ మరీ చెప్పింది.

వసంత పెన్‌డ్రైవ్ పెట్టి స్విచ్ వేసింది. కంప్యూటర్ దాన్ని చూసీచూడనట్టు వదిలేసి, ఎప్పటి పాత సిస్టంనే నిదానంగా తెరవసాగింది. సౌందర్యకు ఫోన్ చేసింది.

"ఆన్ చెయ్యంగనే ఎఫ్ పన్నెండు నొక్కాలక్కా."

"ఎన్నిసార్లు?"

"అది వినేదాంక."

వసంత మొదటిసారి ఆలస్యంగా నొక్కింది. రెండోసారి ముందుగా నొక్కింది. మూడోసారి ఆపకుండా టపటపా నొక్కుతుంటే పక్కన కండెలు చుడుతున్న రుక్కమ్మ రాట్నం ఆపింది.

"ఏంది పిల్లా, తలుపు కొట్టినట్టు కొడుతున్నవ్. లోపట ఎవలున్నరు?"

నాలుగోసారి ఒక జాబితా వచ్చింది గానీ అందులో పెన్‌డ్రైవ్ పేరు లేదు. డబ్బాకు వెనకవైపున్న సందులో పెట్టి చూడమంది సౌందర్య. డబ్బాను గోడకు ఎడంగా జరపడానికి మల్లికార్జున్ మగ్గం దిగి వచ్చాడు. వెనక చిల్లుల్లోంచి తొంగి చూసి అక్కడే కూలబడ్డాడు.

"గింత దూది కడుపుల పెట్టుకొని ఎట్ల నడుస్తది గిది? మగ్గానికైతే వారానికోపారి దులుపుతం."

"ఇప్పుడు వద్దయ్యా. పెన్‌డ్రైవ్ పెట్టి అవతలికి జరుగు, సాలు."

"ఐదు నిమిషాలు" అన్నాడు మల్లికార్జున్. అప్పటికే మూత తీసేశాడు.

దుమ్మంటే పడని మనిషి అతను. నూలు దులిపే బ్రష్షు తెచ్చి, కదిలేవన్నీ కదిపి, ఊడేవన్నీ ఊడదీసి, ఒక్కొక్కటిగా తుడిచి మళ్లీ పెట్టాడు. వైర్లు చిందరవందరగా ఉన్నాయని అన్నిటినీ కలిపి నూలుతో ముడి కూడా వేశాడు. బయటపడిన దూదితో దీపానికి వారం రోజుల వత్తులు చేయవచ్చంది రుక్కమ్మ. స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. డబ్బా మాత్రం మూడుసార్లు కూసింది.

"నేను ముట్టనప్పుడు గూడ అట్లనే కూస్తుండెనా?" అనడిగాడు మల్లికార్జున్, సంగతి తెలిసి కూడా.

"ర్యామ్ కదిలినట్టుంది. తీసి, దాని బంగారు రంగు కొసను రబ్బరుతోని రుద్ది, మల్ల గట్టిగ పెట్టుండ్రి" అంది ఫోన్‌లో సౌందర్య. "జర తొందరగ. నాకు క్లాసు ఉన్నది."

పెన్సిళ్ల డబ్బాలోంచి రబ్బరు తీసి వసంతే రుద్దింది. ఈసారి కూత లేదు. కొత్త సిస్టం తెల్లగా తెర మీదికి వచ్చి, ఒక ప్రశ్న అడిగింది. పాతదంతా తుడిచేసి కొత్తది వేయాలా, పాతదాని పక్కనే వేయాలా?

వసంత సౌందర్యకు మళ్లీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. గోడ గడియారంలో పది కొట్టి చాలాసేపైంది. తుడిచేయడమంటే పాత సిస్టం ఒక్కటే పోతుంది కదా, బొమ్మలకేమవుతుంది, అనుకుని వేలు మౌస్ మీద పెట్టింది.

"ఆగు" అన్నాడు మల్లికార్జున్. "పడుగు అయిపోయినప్పుడు మనమేం చేస్తం? పాత పోగులు కోసి పారేస్తమా?"

"లేదు."

"పాత కొసలు మగ్గం అచ్చులనే ఉంచి, పోగుకు పోగు కొత్తది అతుకుతం. మొత్తం తీసేసినోనికి మల్ల మొదటినుంచి రెండు దినాల పని. గిది గూడ అంతే. పాతదాన్ని ఉండనియ్యి, పక్కకు కొత్తది అతుకు."

కంప్యూటర్ విషయంలో మగ్గం న్యాయం చెల్లుతుందో లేదో వసంతకు తెలియదు. కానీ అత్త కూడా అటువైపే తలూపింది. ఇంట్లో ఇద్దరు ఒకవైపు ఉన్నప్పుడు అరగంట వాదించే కన్నా ఒక నొక్కు నొక్కడం తేలిక. 'పక్కనే' నొక్కింది.

పదకొండుకు ఇంకా పది నిమిషాలున్నాయనగా పని అయిపోయింది. పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కమని తెర మీద వచ్చింది. వసంత పెన్‌డ్రైవ్ తీసింది. మల్లికార్జున్ దాన్ని చేతిరుమాలులో చుట్టి బండి మీద బస్టాండుకు పరుగెత్తాడు. వసంత ఎంటర్ నొక్కింది. కొత్త సిస్టం రాలేదు. పాతది వచ్చింది, అదీ పూర్తిగా రాలేదు. డిస్కును సరిచూస్తున్నాను, ఒక శాతం పూర్తయింది, అని రాసి ఊరుకుంది.

మల్లికార్జున్ డ్రైవర్‌కు అప్పగించి, నంబర్ చెప్పి, తీరిగ్గా తిరిగొచ్చేసరికి అది నాలుగు శాతం దగ్గరుంది. అప్పుడు సౌందర్య ఫోన్ చేసింది. వసంత ఇద్దరికీ వినిపించేలా స్పీకర్ పెట్టింది.

"పక్కన పెట్టి మంచి పని చేసినవక్కా. తుడిచేస్తే నీ పల్లికాయ గూడ పోతుండె" అంది సౌందర్య. మల్లికార్జున్ మీసం సవరించుకున్నాడు. "కానీ కొత్తదాన్ని లేపే ముక్క పెన్‌డ్రైవ్ల పడ్డట్టుంది. గది పెడితేనే కొత్తది లేస్తది."

"పెన్‌డ్రైవ్ బస్సుల పోయింది కదనే."

ఆ మాటతో మల్లికార్జున్ బండి తాళం తీసుకుని బయటపడ్డాడు. బండి మలుపు తిరిగిన చప్పుడు వినిపించాక సౌందర్య మిగతాది చెప్పింది. "అయినా ఇప్పుడు పెన్‌డ్రైవ్ ఉన్నా ఏం లాభం లేదులే. చెకింగ్ నడుస్తుంటే నడిమిట్ల ఆపొద్దు. ఆపితే ఫైళ్లు ఖరాబైతయ్. బావకు చెప్పు, పరేషాన్ కావొద్దని."

వసంత మల్లికార్జున్‌కు ఫోన్ చేసింది. అది మగ్గం మీద మోగింది.

పన్నెండున్నరకు తెర మీద ముప్ఫై ఎనిమిది శాతం ఉండగా గుమ్మంలో సీతారాములు సేటు దగ్గాడు. నాగర్‌కర్నూలులో ఆయనది చీరల దుకాణం. "మూడింటికని చెప్పిన గానీ, సాయంత్రం ఇంటికాడ శుభకార్యం పడ్డది. రెండు గంటల బస్సుకు మల్లాలె. చూపియ్ బిడ్డా, ఏందో కొత్త అంచు అన్నవ్."

"కంప్యూటర్ జర... సరిచూసుకుంటున్నది సేటు."

ఆయన తెరవైపు చూశాడు. తరువాత తన గడియారం వైపు చూశాడు. "పోయినసారి గూడ చూసుకున్నట్టే ఉన్నది" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. ఉంటేనే బాగుండుననిపించింది వసంతకు. మళ్లీ ఆయన ఈ వైపు రావడం ఇంకో నెల తరువాతే. ఈలోగా వేరే ఎవరి అంచుకో మాట ఇచ్చేస్తాడు.

"కాయితం తీయి" అంది రుక్కమ్మ రాట్నం దగ్గరి నుంచి.

"ఏం కాయితం అత్తమ్మా?"

"గళ్ల కాయితం. తీయి. నేను చెప్త, నువ్వు నింపు. ఏడు ఎత్తు, రెండు విడు, ఒకటి ఎత్తు, నాలుగు విడు."

వసంత నోరు తెరుచుకుని చూసింది.

"ఏం చూస్తవ్? రెండు నెలలసంది నా చెవుల కాడ కూసుని లెక్కపెట్టినవ్. కండెలు చుట్టుకుంట వినుడు తప్ప నాకేమన్న వేరే పనున్నదా? రాయి."

వసంత గళ్ల కాగితం పరిచి పెన్సిల్ పట్టింది. ఎత్తు అంటే గడి నింపడం, విడు అంటే ఖాళీగా వదలడం. రుక్కమ్మ రాట్నం తిప్పుతూనే, కళ్లు మూసుకుని, వరుస వెంట వరుస చెప్పుకుపోయింది. సేటు చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నాడు. తీగ వచ్చింది, ఆకు వచ్చింది, కాయ మొదలైంది.

"ఐదు ఎత్తు" అంది రుక్కమ్మ.

"ఇక్కడ మూడు అత్తమ్మా. నేను గీసింది మూడే."

"నువ్వు గీసింది మూడే. నేను చెప్తున్నది ఐదు. కాయ పొట్ట మూడు గళ్లే ఉంటే తాలుకాయ అయితది. లోపట గింజ ఉండాలె గద. నేను తెలకపల్లి చెల్కలల్ల పల్లికాయ తెంపి పెరిగినదాన్ని. నాకు తెల్వదా?"

"గళ్లల్ల కుదరదు అత్తమ్మా, పక్క ఆకు మీదికి పోతది."

"ఆకును ఒక గడి ఇవతలికి జరుపు. ఆకుకు ఏమైతది?"

సేటు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. బేరం మొదలైన షాపులో కూర్చున్నట్టు ఆయన ముఖం వెలిగిపోయింది. వసంత ఆకును ఒక గడి జరిపింది, పొట్టలో ఐదు నింపింది. కాయ నిండుగా వచ్చింది. తనకే కాస్త కోపం వచ్చేంత బాగా వచ్చింది.

మల్లికార్జున్ గుమ్మంలోకి వచ్చేసరికి ఒంటిగంటన్నర. నెత్తి నిండా దుమ్ము, జేబులో పెన్‌డ్రైవ్. పెబ్బేరు బస్టాండులో డ్రైవర్ చాయ్ తాగుతుండగా పట్టుకున్నాడట. ఆ డ్రైవర్ సౌందర్యకు ఫోన్ చేసి, ఆమె సరేనన్నాకే ఇచ్చాడట. "గట్టి మనిషి" అని మెచ్చుకుంటూ పెన్‌డ్రైవ్ టేబుల్ మీద పెట్టాడు. సరిగ్గా అప్పుడే తెర మీద నూరు శాతమై, ఎవరి సాయమూ లేకుండా పాత సిస్టం తెరుచుకుంది. లోపల దూది పోయినందుకేమో, సేటు చాయ్ గ్లాసు ఖాళీ కాకముందే పల్లికాయ అంచు తెర నిండా నిలబడింది.

"మరి నేను పెబ్బేరు దాంక ఎందుకు పోయిన?" అన్నాడు మల్లికార్జున్.

"చెయ్యి కడుక్కో" అంది తల్లి.

సేటు కాగితాన్ని తెర పక్కన పట్టుకుని రెండిటినీ చాలాసేపు చూశాడు. "దీంట్ల తాలుకాయ ఉన్నది" అన్నాడు తెరను చూపిస్తూ. "కాయితం మీదిదే నెయ్యుండ్రి. ముందుగల ఆరు చీరలు." జేబులోంచి చీటీల పుస్తకం తీశాడు. వసంత తన పేరు సంగతి ఎత్తబోయింది. అంతలో సేటే అడిగాడు. "చీరల చీటీ మీద అంచు గీసినోళ్ల పేరు గూడ రాస్త. ఎవలది రాయాలె? కోడలిదా, నీదా అక్కా?"

రుక్కమ్మ నిండిన కండె తీసి బుట్టలో పడేసి, ఇంకోటి ఎక్కించింది. "దానిదే రాయి. రేపు ఎవలన్న తప్పు పట్టుకొస్తే దాన్నే అడుగు, నన్నడగకు."

సీతారాములు సేటు 'వసంత' అని రాసి, సిరా ఆరేదాకా ఊది, మడిచి జేబులో పెట్టుకుని బస్సుకు బయలుదేరాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, వసంత కంప్యూటర్ ముందు కూర్చుని, మూడును ఐదు చేసి సేవ్ నొక్కింది.