తాలుకాయల సారె

ఆ ఉదయం పానకాలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అద్దంకి పక్కనున్న తమ ఊరి నుంచి భార్య పున్నమ్మతో సొంత పికప్‌లో పెదకాకాని వెళ్లాలి. నెలలు నిండుతున్న కూతురు అనూషని తొలి కాన్పుకి పుట్టింటికి తెచ్చుకోవాలి. మధ్యాహ్నం భోజనాలు ఇంట్లోనే.

దీనికి అడ్డం వియ్యపురాలు వెంకటరావమ్మ ఒక్కతే. ఆవిడ ఒకసారి ఆ పికప్ ఎక్కి, గుంట వచ్చినప్పుడల్లా నెత్తి టాపుకి కొట్టుకుని, దిగాక కొన్నాళ్లు మెడ తిప్పలేకపోయింది. "ఆ బండిలో గర్భిణిని ఎక్కించనివ్వను. కుదుపు లేకుండా తీసుకెళ్తారా, సరే. లేదంటే కాన్పు ఇక్కడే" అని ఫోన్లో తేల్చేసింది. కారు మాట్లాడదామంది పున్నమ్మ. సొంత బండి ఉండగా కూతుర్ని అద్దె కార్లో తెస్తే ఊళ్లో తలెత్తుకోలేనన్నాడు పానకాలు. మగవాళ్ల తలలు ఎక్కడ ఎందుకు వాలిపోతాయో చెప్పడం కష్టం.

అందుకని అద్దంకిలో మెకానిక్ ముబీన్ చేత ముందు చక్రాలకి కొత్త షాకబ్జర్లు, మెత్తటి స్ప్రింగులు వేయించాడు. తీరా బయల్దేరాక ఊరి బయట స్పీడ్ బ్రేకర్ మీద బండి ముందు భాగం నిజంగానే పరుపులా దిగింది. మరుక్షణం వెనక భాగం ఎగిరింది. పున్నమ్మ ఒళ్లోని చలిమిడి డబ్బా మూత వెళ్లి అద్దానికి తగిలింది.

పానకాలు బండి ఆపి ఫోన్ తీశాడు. "ఒరేయ్ ముబీన్, ఏం చేశావురా? ముందు ఊయలలా ఉంది, వెనక తంతోంది!"

"నువ్వు ముందు వైపే చేయమన్నావు గదా బాబాయ్. వెనక కమాన్ పట్టీలు బరువు మొయ్యడానికి పెట్టినవి. ఖాళీగా తోలితే ఎగరక ఏం చేస్తాయి? నాలుగు బస్తాలు పడేసుకో, అణిగిపోద్ది."

పానకాలు బండి తిప్పి కల్లానికి పోనిచ్చాడు. మంచి మిర్చి అప్పటికే కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోయింది. మిగిలింది తాలు, అంటే రంగు పోయి తెల్లబడితే ఏరి పక్కన పడేసిన కాయ. ఆ బస్తాలే వెనక నింపాడు. బరువుకి రంగుతో పనేముంది? అక్కణ్ణుంచి పెదకాకాని దాకా బండి కిమ్మనలేదు. పున్నమ్మ కూడా కిమ్మనలేదు, నిద్రపోయింది.

గుమ్మంలో నిలబడ్డ వియ్యంకుడు శివరామకృష్ణ బస్తాలు చూసి మొహం చాటంత చేసుకున్నాడు. మిర్చి రైతు కూతుర్ని తీసుకెళ్లడానికి వస్తూ చలిమిడితో పాటు మిర్చి తెచ్చాడంటే అది సారె కాక మరేమిటి?

"ఇన్నెందుకు బావగారూ!" అంటూనే కొడుకు, అనూష భర్త అశోక్‌ని పిలిచి దింపించేశాడు. పానకాలు పెరట్లో కాళ్లు కడుక్కుని వచ్చేసరికి బస్తాలు హాల్లో ఉన్నాయి. సారె వస్తే వీధిలో పంచాలి గనక వెంకటరావమ్మ ఇరుగుపొరుగుని పిలిచేసి, పళ్లేలు పట్టుకుని సిద్ధంగా ఉంది. అశోక్ ఒక బస్తా కుట్టు తెంచాడు.

తెల్లటి కాయలు బిలబిలా నేలమీదికి జారాయి. మొదట శివరామకృష్ణ తుమ్మాడు. తర్వాత అశోక్, ఆ తర్వాత వచ్చిన వీధి అంతా.

"తాలుకాయా?" అంది వెంకటరావమ్మ తుమ్ముల మధ్యనే. "మా కోడలికి సారెగా తాలు తెస్తారా అన్నయ్యగారూ? వీధి మొత్తాన్ని పిలిచాను నేను!"

"అయ్యో, అది సారె కాదు చెల్లెమ్మగారూ! బండి ఎగరకుండా బరువుకి వేశాను!"

"అయితే బండి ఎగురుతుందన్నమాట."

నిజం చెప్పి ఇంత నష్టపోవడం పానకాలుకి కొత్త. పెట్టె సర్దుకుని గది గుమ్మంలో నిలబడ్డ అనూష కళ్లు ఎర్రబడ్డాయి, మిరప ఘాటుకి మాత్రమే కాదు. "అమ్మ దగ్గరికి వెళ్తానత్తయ్యా" అంది మెల్లగా. ఆ మాటకి పానకాలు గుండె చెరువైంది. పరువు సంగతి పక్కన పెట్టి చేతులు జోడించాడు.

"బస్తాలు మళ్లీ ఎక్కిస్తాను. ముందు మీరే కూర్చుని చూడండి చెల్లెమ్మగారూ. ఒక్క కుదుపు తగిలినా అమ్మాయిని ఇక్కడే ఉంచుకోండి."

వెంకటరావమ్మ మెడకి తువ్వాలు చుట్టుకుని మరీ ఎక్కింది. ఊళ్లో ఉన్న గుంటలన్నిటి మీదుగా పోనివ్వమంది. పానకాలు దేవుళ్లందరికీ మొక్కుకుంటూ పోనిచ్చాడు. కాలవ గట్టు దగ్గర ఆవిడ నోటి నుంచి పెద్ద చప్పుడు వచ్చేసరికి అతని ప్రాణం పోయినంత పనైంది. తిరిగి చూస్తే అది గురక.

ఇంటి ముందు లేపితే ఆవిడ మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "బాగుందండీ. పిల్లని తీసుకెళ్లండి."

పానకాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. అనూష పెట్టె తనే ఎత్తబోతే అశోక్ అందుకున్నాడు.

"నా పెట్టె కూడా ఎక్కించరా అశోకూ," అంది వెంకటరావమ్మ. "ఇంత మెత్తటి బండి ఉండగా నాకేం ఇబ్బంది? కాన్పయ్యేదాకా అక్కడే ఉండి అన్నీ నేనే చూసుకుంటాను."

ముందు సీట్లో అత్తాకోడళ్లు కూర్చున్నారు. పున్నమ్మ వెనక తాలు బస్తాల మీద తుమ్ముకుంటూ ఇల్లు చేరింది. భోజనాల్లో వెంకటరావమ్మకి పప్పులో ఉప్పు ఎక్కువైంది, కూరలో కారం తక్కువైంది, మంచం తలవైపు ఉత్తరానికి ఉండడం నచ్చలేదు.

సాయంత్రం అనూష పుట్టింట్లో హాయిగా కునుకు తీస్తుంటే, పానకాలు పెరట్లోకి పోయి ముబీన్‌కి ఫోన్ చేశాడు, పాత స్ప్రింగులు ఇంకా పారెయ్యలేదు కదా అని.